ఎన్ని మీటర్ల తేడాతో చెబుతున్నారు?

సంపాదకులు గారికి,

భూగర్భ బొగ్గు గనిలో వచ్చిన స్వల్ప ప్రకంపనపై గతవారం మీరు ప్రచురించిన వార్తలో, అది బొగ్గు పొర కిందుండే అడుగు రాతిలో పుట్టింది కనుక ప్రమాదం లేదన్న అధికారుల మాటను ఉన్నదున్నట్టు అచ్చువేశారు. ఆ నిర్ధారణలో ఎన్ని మీటర్ల తేడాకు ఆస్కారముందో వారు చెప్పలేదు, మీ విలేకరి అడగలేదు.

2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం విజయవాడలోనూ తెలిసింది. దాని కేంద్రాన్ని రెండు కిలోమీటర్లు అటూ ఇటూగా చెప్పినా ఇక్కడివారికి వచ్చే నష్టం లేదు. గనిలో అలా కుదరదు. అక్కడ తేల్చవలసినవి నాలుగు: ప్రకంపన తెచ్చిన రాతి పగులు చోటును చెప్పే మూడు కొలతలు, అది పుట్టిన క్షణం. అందుకు కనీసం నాలుగు జియోఫోన్లకు (రాతిలోని కంపనాన్ని పసిగట్టే పరికరాలకు) తరంగం చేరిన వేళలు కావాలి. వాటన్నిటినీ ఒకే బొగ్గు పొర వెంట, దాదాపు ఒకే మట్టంలో బిగిస్తే పగులు పైనుందో కిందుందో గట్టిగా చెప్పలేరు. యంత్రాల మోతలో మొదటి తరంగం రాకను ఒక్క జియోఫోను దగ్గర రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా గుర్తించినా, సెకనుకు సుమారు మూడు కిలోమీటర్ల వేగంతో తరంగం సాగే ఇసుకరాతిలో అది ఆరు మీటర్ల దూరానికి సమానం. మూడు మీటర్ల పొరలో పనిచేసే కార్మికుడికి, పగిలింది నెత్తిమీది కప్పా, కాళ్లకింది అడుగా అన్నదే తారుమారయ్యేంత తేడా ఇది! పైగా బొగ్గు తీసి వదిలేసిన చోటు (గోఫ్) అడ్డుంటే తరంగం చుట్టు తిరిగి వస్తుంది. తిన్నగా వచ్చిందనుకుని కట్టిన లెక్క తప్పుతుంది.

దీన్ని సరిచూసుకోవడం అసాధ్యమేమీ కాదు. గనిలో పేల్చే మందుగుండును (షాట్) ఎక్కడ, ఏ క్షణాన పేల్చారో తెలుసు కాబట్టి, పరికరాలు దాన్ని ఎక్కడ చూపించాయో పోల్చితే తేడా బయటపడుతుంది. ఆ పరీక్ష జరిగిందా? జరిగితే ఫలితమేది? కోలార్ బంగారు గనుల్లో రాళ్లు పేలి కార్మికులు చనిపోయిన చరిత్ర ఉన్న దేశం మనది. జాతీయ శిలాయాంత్రిక సంస్థను 1988లో అక్కడే నెలకొల్పారు. ఇంత అనుభవముండి, లెక్క చూపకుండా ధైర్యం మాత్రం చెప్పే అలవాటు మన అధికారులకు ఎందుకు పోదు? బుడమేరు పొంగినప్పుడు కూడా మా నగరవాసులకు కావలసింది ఏ వీధికి ఎంత నీరు వస్తుందన్న లెక్కే.

జియోఫోన్లు బిగించిన చోట్లు, షాట్ పరీక్ష ఫలితాలు, మీటర్లలో తేడా బయటపెట్టి, ప్రతి షిఫ్టులో పని, భద్రత చూసే సర్దార్లకూ కార్మికుల భద్రతా కమిటీకీ అందజేయాలి. అవి చేతికొచ్చేదాకా మీ పత్రిక అడుగుతూనే ఉండాలని కోరుతున్నాను.

— విశ్రాంత గని సర్వేయరు,
సత్యనారాయణపురం, విజయవాడ