గోడ మీది బొమ్మకు సందేశం తప్పనిసరా?

సంపాదకుల వారికి,

పట్టణ సుందరీకరణ పనులపై పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. గోడ మీద బొమ్మ వేస్తే అందులో ప్రజలకు ఏదో ఒక సందేశం ఉండి తీరాలని, ఉత్త అందం కోసం ప్రజాధనం ఖర్చు పెట్టలేమని అధికారి ఒకరు సెలవిచ్చారు. ఆ సందేశాల ఫలితం ఊరంతా కనిపిస్తూనే ఉంది: ప్రతి గోడ మీదా అదే చెట్టు, దాన్ని పట్టుకున్న అవే రెండు చేతులు, కింద పరిశుభ్రత పాటించమన్న అక్షరాలు, ఆ అక్షరాల కింద నెలల తరబడి పూడిక తీయని కాలువ.

కళ వల్ల ప్రయోజనం ఏమిటన్న ప్రశ్న ఈనాటిది కాదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు, అంటే కావ్యశాస్త్రవేత్త, మమ్మటుడు కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెబుతూ కీర్తిని, ధనాన్ని, ఉపదేశాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు గానీ, రసాస్వాదన వేళ అప్పటికప్పుడు కలిగే పరమానందమే వాటన్నిటికీ తలమానికమని తేల్చాడు. ఉపదేశమైనా కాంత చెప్పినట్టు ఉండాలన్నాడే తప్ప ప్రభువు ఆజ్ఞాపించినట్టు కాదు.

అంత దూరం పోనక్కరలేదు. 2022 దాకా మన అనంతపురం జిల్లాలోనే ఉన్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు మేకతోలును వెలుతురు పారేంత పలుచగా చేసి, సీతమ్మ వడ్డాణానికీ హారాలకీ ఉలితో సన్నని రంధ్రాలు కొడతారు. అవి లేకపోయినా రామకథకు లోటు లేదు, నీతికి అసలే లేదు. అయినా తెర వెనుక దీపం పెట్టగానే ఆ నగలు తళుక్కుమనేది వాటి వల్లనే. మన అధికారి లెక్కలో ఆ శ్రమంతా దండగ. నా దృష్టిలో కళంటే ఆ దండగే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇవ్వడానికి ఢిల్లీకి గుర్తొచ్చింది గానీ, చదరపు అడుగుల లెక్కన గోడలకు టెండరు పిలిచిన మనవాళ్లకు రాలేదు. ఆట చూసేవారు తగ్గి, అక్కడి కళాకారులు దీపాలకు తోలు తొడుగులు చేసుకుని బతుకుతున్నారు.

ఈ జబ్బు గోడలతో ఆగలేదు. జీర్ణోద్ధరణ పేరుతో పల్లెల్లోని రాతి గుళ్లకు ఎనామిల్ రంగులు దట్టించి, శిల్పి చెక్కిన కనుబొమ గీత కూడా కనబడకుండా చేస్తున్నారు. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయంలో పూర్తికాని గోపురాలు ఏ రంగూ, ఏ నినాదమూ లేకుండానే ఇన్ని వందల ఏళ్లుగా మనుషులు ఆగి చూసేలా చేస్తున్నాయన్న సంగతి, జిల్లాలో పనిచేసే అధికారులకు ఎవరైనా చెప్పాలి.

మిగిలిన గోడలనైనా నిమ్మలకుంట వంటి ఊళ్ల కళాకారులకు అప్పగించి, ఏం వేయాలో వారికే వదిలేయాలి. అంత ఓపిక లేకపోతే వాటికి శుభ్రంగా సున్నం కొట్టించి, ఆదా అయిన డబ్బుతో ముందు ఆ కాలువ పూడిక తీయించాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా