విషయం: లేని ట్యాంకుకు ఫొటో అడిగి, నా ఫిర్యాదును మూసివేయడం గురించి

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం.

ఇది యంత్రం రిపేరుకు సంబంధించిన ఉత్తరం అనుకుని దయచేసి సర్వీసు విభాగానికి పంపకండి. అక్కడ తిరిగి తిరిగి విసిగిపోయాకే మీకు రాస్తున్నాను. నా ఫిర్యాదు మీ వాళ్లలో ఒక్కరు కూడా చివరిదాకా వినలేదు. వినకుండానే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని నాకే సందేశం పంపారు. నా కోపమంతా దాని మీదే.

ఇళ్లకు వెళ్లి కార్పెట్లు శుభ్రం చేయడం నా వృత్తి. వేడినీళ్లు చిమ్మి వెంటనే లాగేసే నా పాత యంత్రం మీ కంపెనీదే. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏది కొనాలని అడిగితే ఇన్నేళ్లూ మీ పేరే చెప్పాను. అయితే ఆ పద్ధతిలో కార్పెట్ ఆరడానికి చాలా గంటలు పడుతుంది, ఒక్కోసారి మర్నాటి దాకా తడి పోదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అంతసేపు గది మూసి ఉంచమని ఎలా చెప్పగలం? అందుకే తక్కువ తడితో పనిచేసే యంత్రం తీసుకోవాలనుకున్నాను. ముందు వ్యాక్యూమ్‌తో దుమ్మంతా తీసి, శుభ్రపరిచే ద్రావణం పలుచగా చల్లి, ప్యాడ్‌తోనో బ్రష్‌తోనో రుద్దితే గంటా రెండు గంటల్లో నడవవచ్చు. ఆ ద్రావణం ఎండి, మురికిని పట్టుకుని పొడిపొడిగా విడిపోతుంది, తర్వాతి వ్యాక్యూమ్‌లో వచ్చేస్తుంది. పద్ధతిపై నాకు సందేహం లేదు. ఏ యంత్రం తీసుకోవాలన్నదే నా ప్రశ్న, అదీ కొనకముందే అడిగాను.

నేను వెళ్లే ఇళ్లలో ఎక్కువగా కట్ పైల్, అంటే పోగుల కొసలు కత్తిరించి నిలువుగా ఉండే కార్పెట్లు ఉంటాయని, కొన్ని ఊలువి ఉంటాయని, మెట్లు కూడా చేయాలని, యంత్రాన్ని ఒక్కడినే మోసుకెళ్లాలని మీ అమ్మకాల అధికారికి రాశాను. ఒకే పళ్లెం గిర్రున తిరిగే ప్యాడ్ యంత్రం కట్ పైల్ పోగుల కొసలను మెలిపెడుతుందేమోనని అడిగాను. ఎదురెదురుగా తిరిగే రెండు బ్రష్‌లున్న యంత్రం పోగును పైకి లేపుతుంది కదా, నా పనికి అదే మేలా అనీ అడిగాను. ‘అన్నిటికీ ఇదే సరిపోతుంది’ అని ప్యాడ్ యంత్రం పేరు రాసి పంపారు. మిగిలిన ప్రశ్నలు చదివిన జాడ కూడా లేదు. ఆ జవాబు నా దగ్గర భద్రంగా ఉంది, నకలు జత చేశాను.

ఆ మాట నమ్మి అదే కొన్నాను. తర్వాత జరిగినది క్లుప్తంగా చెబుతాను. ఒక ఇంటి హాల్లో పని పూర్తయి కార్పెట్ ఆరాక, దాని మీద వలయాలు వలయాలుగా గుర్తులు మిగిలాయి. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు. కిందకు వంగి, అరచేత్తో పోగును ఎదురు దిశలో నిమిరి చూసి, తలెత్తి నా వంక చూశారు. దువ్వెన బ్రష్‌తో ఎంత దువ్వినా గుర్తులు పూర్తిగా పోలేదు.

అప్పటి నుంచి మీ కస్టమర్ సేవ మొదలైంది. మోటారు బాగుంది, యంత్రంలో లోపమేమీ లేదు, నా పనికి తగనిది అంటగట్టారు అన్నది నా ఫిర్యాదు. మొదటి ఏజెంటు సీరియల్ నంబరు రాసుకుని, కరెంటు వస్తోందా అని అడిగారు. వస్తోందన్నాను. ఒకసారి ఆపి మళ్లీ వేయమన్నారు. ‘అమ్మా, యంత్రం చక్కగా తిరుగుతోంది, తిరగడం వల్లే ఇబ్బంది’ అన్నాను. సంగీతం వినిపించి మరొకరికి ఇచ్చారు. ఆయన మళ్లీ సీరియల్ నంబరు దగ్గర మొదలుపెట్టారు. సాంకేతిక విభాగం వాళ్లు ఇది లోపం కాదు, ఎంపికకు సంబంధించినది, అమ్మకాల వాళ్లను అడగమన్నారు. అమ్మకాల వాళ్లు అమ్మకం ముగిసింది కాబట్టి సర్వీసును అడగమన్నారు. ప్రతి ఒక్కరూ ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్నారు. ఆ అసౌకర్యం ఏమిటో నేను ఇంకా నోరు తెరిచి చెప్పకముందే ఆ మాట అనేస్తే దానికి విలువ ఏముంటుంది?

ఆ తర్వాత ఒకాయన, మురికినీటి ట్యాంకు ఫిల్టరు ఫొటో తీసి పంపితే తప్ప ఫిర్యాదు ముందుకు కదలదన్నారు. ఈ యంత్రం నీళ్లు వెనక్కి లాగదు. మురికినీళ్లే రానప్పుడు దానికి ట్యాంకు ఎక్కడ ఉంటుంది? ఆ మాటే చెప్పాను. ‘ఫారంలో ఆ గడి నింపకుండా వదలకూడదు సార్’ అన్నారు. మీరు అమ్మే వస్తువు ఎలా ఉంటుందో, దాని మీద వచ్చే ఫిర్యాదులు రాసుకునే మనిషికి తెలియదు. తెలిసినవారికి ఫోను ఇవ్వమంటే ఇవ్వలేదు.

ఇంకొకరు నాకు ఉపాయం చెప్పారు: ‘నీళ్లు ఇంకాస్త ఎక్కువగా చల్లి రుద్దండి, గుర్తులు పోతాయి’ అని. ఇది విన్నాక నాకు నిజంగా భయం వేసింది. అడుగుపొర జనపనారదైన కార్పెట్‌ను ఎక్కువగా తడిపితే, ఆ నార గోధుమరంగు పైకి వచ్చి పోగుల కొసలకు ఎక్కుతుంది. అడుగున ఉన్న పాత మరకలు ఆరేటప్పుడు తడితో పాటు పైకి వస్తాయి. తక్కువ తడి యంత్రం కొన్నవాడికి ఎక్కువ తడి వాడమని చెప్పడమేమిటి? నాకు పని తెలుసు కాబట్టి ఆ మాట వినలేదు. కొత్తగా వచ్చినవారైతే మిమ్మల్ని నమ్మి, ఎవరి ఇంట్లోనో విలువైన కార్పెట్ పాడుచేసి, ఆ ఇంటివారి ముందు తలవంచుకుని నిలబడేవారు. అప్పుడు ఆ ఏజెంటు ఫోను ఎత్తుతారా?

ఫొటో రాలేదన్న కారణంతో ఫిర్యాదు మూసేశారు. వెంటనే, సేవ ఎలా ఉందో మార్కులు వేయమని సందేశం వచ్చింది. అతి తక్కువ మార్కు వేశాను. అన్నాళ్లూ నేను ఎన్ని ఫోన్లు చేసినా తిరిగి చేయనివారు, ఆ మార్కు చూసి అప్పటికప్పుడు ఫోను చేశారు. మార్కు మార్చగలరా అని అడగడానికి! నా సమస్య చెప్పబోతే ‘అది మా పరిధిలోకి రాదండీ’ అని పెట్టేశారు. ఇన్నేళ్లు మీ వెంట నడిచిన మనిషి కన్నా మీకు ఆ మార్కే ఎక్కువైపోయింది. ఇది నన్ను బాధపెట్టినంతగా కార్పెట్ మీది గుర్తులు కూడా బాధపెట్టలేదు.

నేను అసాధ్యమైనది ఏదీ అడగడం లేదు. ఈ యంత్రం వెనక్కి తీసుకుని, మెత్తని బ్రష్‌లతో రెండు బ్రష్‌ల యంత్రం ఇవ్వండి. ధరలో తేడా ఉంటే నేనే కడతాను, మొదటి నుంచీ అదే చెబుతున్నాను. ఇక ముందు ఎవరికైనా యంత్రం అమ్మేటప్పుడు వాళ్లు పనిచేసే ఇళ్లలో ఏ రకం పోగు ఉందో, మెట్లు ఉన్నాయో లేవో అడిగి అమ్మండి. అదైనా చేస్తారా?

చేయకపోతే వినియోగదారుల న్యాయస్థానానికి వెళతాను. అమ్మకాల అధికారి రాసిన జవాబు, ట్యాంకు ఫొటో అడిగిన సందేశం, ఫిర్యాదు మూసేసిన సందేశం మూడూ అక్కడ చూపిస్తాను. ఇంతకాలం మీ పేరు చెప్పి కొనిపించిన వాళ్లందరికీ ఇదంతా పూసగుచ్చినట్టు చెబుతాను. వాళ్లు నా మాట నమ్ముతారు, ఎందుకంటే మీ గురించి మంచి చెప్పినప్పుడు కూడా నమ్మారు.

బిల్లు నకలు మీద సీరియల్ నంబరు ఎర్ర సిరాతో గుర్తుపెట్టాను, మళ్లీ అడగకండి. నాకు ఫోను చేసేవారు ఈ ఉత్తరం పూర్తిగా చదివి, ఆ యంత్రాన్ని ఒక్కసారైనా చేత్తో పట్టుకుని నడిపినవారై ఉండాలి.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు

జత: బిల్లు నకలు, అమ్మకాల అధికారి జవాబు, మీ విభాగం పంపిన సందేశాలు, కార్పెట్ ఫొటోలు