ఆరు చుక్కలు, పదిహేను గీతలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడో తరగతి పిల్లలు ఇంట్లో కాగితాల నిండా చుక్కలు పెట్టి ఎరుపు, నీలం గీతలు గీస్తుంటే, ఇది ఏ పాఠంలోదని మీలో కొందరు అడిగారు. ఏ పాఠంలోనూ లేదు, నేనిచ్చిన లెక్క.

ఆరు చుక్కలు పెట్టి, ఏ రెండు చుక్కలనైనా గీతతో కలపాలి. మొత్తం పదిహేను గీతలు. ఒక్కో గీతకూ ఎరుపో నీలమో వేయాలి. ఆ చుక్కలే మూలలుగా ఒకే రంగు త్రిభుజం మాత్రం రాకూడదు. ఐదు చుక్కలైతే కుదురుతుంది: అంచున పంచభుజం ఎరుపు, లోపలి నక్షత్రం నీలం. ఆరుకి ఎవరికీ కుదరలేదు. నాలుగో రోజు ఒక అమ్మాయి వచ్చి, "సార్, ఇది ఎప్పటికీ కాదు" అంది. ఒక చుక్క మీద వేలు పెట్టి చూపించింది. అక్కడి నుంచి ఐదు గీతలు, రంగులు రెండే. అంటే కనీసం మూడింటిది ఒకే రంగు, ఎరుపే అనుకుందాం. ఆ మూడు గీతల అవతలి చుక్కల మధ్య ఒక్క ఎరుపు గీత పడినా ఎరుపు త్రిభుజం వచ్చేస్తుంది. పడకపోతే ఆ మూడు చుక్కలదే నీలం త్రిభుజం.

ముందు మూడు రోజులూ వృథా అయ్యాయని ఒకరన్నారు. నేను ఒప్పుకోను. ఆ మూడు రోజుల తంటాలు లేకపోతే ఆ వేలు ఆ చుక్క మీదికి వెళ్ళేది కాదు.

గ్రాఫ్ సిద్ధాంతంలో (ఇలాంటి చుక్కలు, గీతల గణితంలో) పరిశోధన మొదలుపెట్టిన యువ గణితజ్ఞుల పని కూడా ఇదే, కాకపోతే వాళ్ళకి రోజులు కాదు, ఏళ్ళు పడతాయి. ఈ లెక్క వెనకున్న సిద్ధాంతం బ్రిటిష్ గణితజ్ఞుడు ఫ్రాంక్ రామ్సేది. 1930లో, 26 ఏళ్ళకే ఆయన చనిపోయారు. త్రిభుజానికి బదులు, తమ మధ్య గీతలన్నీ ఒకే రంగులో ఉన్న నాలుగు చుక్కలు తప్పక రావాలంటే 18 చుక్కలు కావాలని 1955లో తేలింది. ఐదు చుక్కలకైతే 43కి తగ్గదు, 46కి మించదు. అసలు సంఖ్య ఎంతో ఈనాటికీ ఎవరికీ తెలియదు. 43 చుక్కలకే 903 గీతలు, అన్ని రకాల రంగులూ వేసి చూడటం ఏ కంప్యూటర్ వల్లా కాదు. ఇలా ఒకే రంగు గుంపులో ఒక్కో చుక్క పెరిగే కొద్దీ, కావలసిన చుక్కల పైహద్దు సుమారు 4 రెట్ల చొప్పున పెరిగితే చాలని 1935లో ఎర్డోష్, సెకెరెష్ అనే గణితజ్ఞులు చూపించారు. ఆ 4ని రవ్వంత తగ్గించింది 2023లో, నలుగురు కలిసి. ఆ రవ్వంతకి 88 ఏళ్ళు పట్టింది!

వచ్చే సోమవారం మూడు రంగులు, 17 చుక్కలతో ఇదే లెక్క ఇస్తున్నాను. జవాబు తెలిసినా దయచేసి చెప్పకండి. మరీ అడిగితే, ఒక్క చుక్క దగ్గర మొదలుపెట్టమనండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు