'చావులేని' జెల్లీఫిష్‌కు సరైన పేరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో 'చావులేని జెల్లీఫిష్' మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివించింది. అయితే ఆ జీవి శాస్త్రీయ నామాన్ని అందులో టరిటాప్సిస్ న్యూట్రికులా అని ఇచ్చారు. అది వేరొక జాతి పేరు. వ్యాసంలో వర్ణించిన జీవి టరిటాప్సిస్ డోర్నీ.

ఈ గందరగోళానికి మూలం పాత పరిశోధన పత్రాల్లోనే ఉంది. దెబ్బతిన్న లేదా వయసు మళ్లిన మెడూసా (గొడుగు ఆకారంలో ఈదే ఎదిగిన దశ) ముడుచుకుపోయి, చిన్న ముద్దగా మారి, అడుగున అతుక్కుని మళ్లీ పాలిప్‌గా (ఒకచోట అంటుకుని ఉండే తొలి దశగా) ఎదగడాన్ని 1990లలో మధ్యధరా సముద్రపు జీవుల్లో గమనించి వివరించారు. అప్పట్లో వేర్వేరు సముద్రాల్లో దొరికే టరిటాప్సిస్‌లను ఒకే జాతిగా జమకట్టే అలవాటు ఉండేది కనుక 1996 నాటి ప్రసిద్ధ పత్రం శీర్షికలో కూడా న్యూట్రికులా అనే పేరే కనిపిస్తుంది. నిజానికి ఆ పేరు 1857లో మెక్‌క్రేడీ అమెరికాలోని చార్లెస్టన్ రేవులో దొరికిన జీవికి పెట్టినది. మధ్యధరా జీవిని 1883లో ఆగస్ట్ వైస్మాన్ డెండ్రోక్లావా డోర్నీ అని వర్ణించారు. నేపుల్స్‌లో సముద్ర జీవశాస్త్ర కేంద్రాన్ని నెలకొల్పిన ఆంటన్ డోర్న్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. తర్వాత దాన్ని టరిటాప్సిస్ ప్రజాతిలోకి (దగ్గరి జాతుల సమూహంలోకి) మార్చినా జాతి పేరు నిలిచింది. ప్రజాతి మారిన సంగతి తెలిసేలా, జంతు నామకరణ నియమావళి ప్రకారం, మొదట వర్ణించినవారి పేరును కుండలీకరణాల్లో ఉంచి టరిటాప్సిస్ డోర్నీ (వైస్మాన్, 1883) అని రాస్తారు. ఈ జాతులు వేర్వేరని 2007లో వెలువడిన డీఎన్‌ఏ పోలికలు కూడా బలపరిచాయి.

పేరు ఏదైతేనేం అని పాఠకులు అనుకోవచ్చు. స్పెయిన్‌లోని ఒవియేడో విశ్వవిద్యాలయ బృందం 2022లో డోర్నీ జన్యుపటాన్ని దాని దగ్గరి బంధువైన టరిటాప్సిస్ రూబ్రా జన్యుపటంతో పోల్చింది. సంతానోత్పత్తి తర్వాత కూడా డోర్నీ మళ్లీ మళ్లీ పాలిప్ దశకు వెళ్లగలదు, రూబ్రాకు ఆ శక్తి లేదు. ఆ తేడాకు కారణమైన జన్యువులను వెతకడమే ఆ పరిశోధన ఉద్దేశం. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే ఇక పోల్చడానికి మిగిలేదేమిటి?

వ్యాసకర్త దీన్ని చంద్ర జెల్లీఫిష్ ఉన్న తరగతికే చెందిన జీవిగా పేర్కొనడం కూడా సరికాదు. చంద్ర జెల్లీఫిష్ స్కైఫోజోవా తరగతికి చెందితే, ఇది హైడ్రోజోవాకు చెందుతుంది. అలాగే దీని గొడుగు వెడల్పు సుమారు 4.5 మిల్లీమీటర్లు, వ్యాసంలో సెంటీమీటర్లని పడింది.

ఇకముందు ఈ జీవి గురించి రాసేటప్పుడు డోర్నీ అనే పేరే వాడి, 'పాత పత్రాల్లో న్యూట్రికులా' అని ఒక్కసారి పక్కన చేరిస్తే, ఆ పత్రాలను వెతికే విద్యార్థులు తికమక పడరని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు