‘గ’ నేర్పాలంటే పెన్సిల్ ఆఖరున ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరవగానే మూడేళ్ళు నిండిన పిల్లల చేతిలో పెన్సిలూ, చుక్కల అక్షరాల పుస్తకమూ పడుతున్నాయి. సాయంత్రానికి పేజీ నిండితే చదువు చెప్పినట్టు, నిండకపోతే పిల్లల్ని ఊరికే ఆడించినట్టు చాలా ఇళ్ళలో లెక్క కడుతున్నారు. ఆ మాట పడలేక అంగన్‌వాడీ కార్యకర్తలు, చిన్న బడుల టీచర్లు తమకు తెలిసిన మంచి పద్ధతుల్ని పక్కన పెట్టేస్తున్నారు. ఒక్క అక్షరాన్ని చెవితో, కాళ్ళతో, చేతులతో ఎలా నేర్పవచ్చో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

మొదటి అక్షరం ‘అ’యే కానక్కరలేదు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో ఓనమాలు దిద్దించడం వేడుక, దాన్ని అలాగే చేసుకుందాం. రోజూ నేర్పడానికి మాత్రం ‘అ’ బరువైన అక్షరం. దానిలోని వంపులన్నీ తిరగడం మూడేళ్ళ మణికట్టుకు కష్టం. ‘ర’ గీయడం తేలికే కానీ నోరు తిరగదు, ఆ వయసులో చాలామంది ‘ల’ అంటారు. ‘గ’ అయితే కింద తెరిచి ఉన్న కమాను ఒకటి, పైన తలకట్టు ఒకటి, అంతే. పలకడమూ చాలామందికి వస్తుంది.

ముందు చెవి. ఒక గుడ్డసంచిలో గంట, గజ్జె, గరిటె, గవ్వ వేసి, వాటితోపాటు పలక, తాళంచెవి కూడా వేయండి. పిల్ల చెయ్యి పెట్టి ఒకటి తీసి పేరు చెప్పాలి, ‘గ’తో మొదలైతే గంపలో వెయ్యాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు గుడి, గొడుగు, గాడిద బొమ్మలు పెట్టడం. అవి గు, గొ, గా. వినేది ఒకటి, చూపించే అక్షరం ఇంకొకటి అయి పిల్లలు తికమకపడతారు. గుణింతం వచ్చేదాకా వాటిని ఆపండి. గంపను కొన్ని ఇళ్ళలో తట్ట అంటారు, కొన్ని ఇళ్ళలో బుట్ట అంటారు. పిల్ల ‘తట్ట’ అంటే తప్పని దిద్దకుండా వస్తువునే మార్చండి. సంచి ఆట బాగా వచ్చాక గంప–కంప, గట్టు–కట్టు జంటలు పలికి, ‘గ’ వినిపించినప్పుడే చప్పట్లు కొట్టమనండి.

మన శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళ పిల్లలకు, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళ సవర గిరిజన పిల్లలకు ఈ ఆట వెంటనే పెట్టకండి. వస్తువు తెలిసినా తెలుగు పేరు తెలియని పిల్లకు మొదటి శబ్దం ఎలా దొరుకుతుంది? ముందు రెండు వారాలు ఆ వస్తువుల్ని ముట్టుకుంటూ, వాడుకుంటూ, ఇంటి పేరూ తెలుగు పేరూ రెండూ పలకనివ్వాలి. సవరలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు సవర వాచకాలు రాశారు. ఆయన పుట్టిన జిల్లాలో ఇంటి భాషను బడి గుమ్మం బయట వదిలి రమ్మనడం న్యాయం కాదు.

తరువాత కాళ్ళు. నేల మీద మీటరు ఎత్తున ‘గ’ వెయ్యండి. బియ్యప్పిండి చాలు. సున్నం పొడి వద్దు, కంట్లో పడితే ప్రమాదం. వానాకాలంలో వరండాలో గోగునార తాడు పరవండి. చిటికెన వేలంత లావుది మూడున్నర మీటర్లు ఉంటే కమానుకూ తలకట్టుకూ సరిపోతుంది. కమాను ఎడమ కాలి అడుగున కొబ్బరిచిప్ప బోర్లించి పెడితే బయలుదేరే చోటు తెలుస్తుంది. అక్కడి నుంచి పైకి నడిచి, వంపు తిరిగి, కుడి పక్కన కిందికి దిగాలి. ఆగి, పైకి వెళ్ళి తలకట్టు నడవాలి. ఎక్కడ మొదలుపెట్టినా పరవాలేదని వదిలేస్తే ఆ అలవాటే రేపు రాతలోకి వస్తుంది. ‘గ’ కమానుకు కుడిఎడమలు ఒకేలా ఉంటాయి కాబట్టి తిరగేసి రాసే పొరపాటు తలకట్టులోనే బయటపడుతుంది, దాన్ని ఎడమకు వాలుస్తారు. అందుకే తలకట్టును విడిగా, వేరే రంగుతో వేయించడం మంచిది.

మట్టి పని అన్నిటికంటే ముఖ్యం. పెన్సిల్ పట్టుకునే బలం వేళ్ళకు అక్కడే వస్తుంది. కుమ్మరి మట్టి దొరికితే అదే మేలు. దొరకకపోతే రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు కలిపి, ముప్పావు కప్పు నీళ్ళు కొంచెంకొంచెంగా పోస్తూ పిసకండి. మూత డబ్బాలో వారం నిలుస్తుంది. మన తీరంలో గాలి తడికి ఉప్పు చెమ్మ పీల్చి ముద్ద జారిపోతుంది, అప్పుడు గుప్పెడు పిండి కలిపితే చాలు. పిల్లలు ముద్దను పీట మీద అరచేతులతో దొర్లించి, చిటికెన వేలంత లావు, జానెడు పొడవు పాము చేస్తారు. దాన్ని అట్ట మీద గీసిన ‘గ’ పైన పరుస్తారు. వంచేటప్పుడు పగుళ్ళిస్తే మట్టి ఆరినట్టు, వేళ్ళు తడి చేసుకోమనండి. అరచేతికి అంటుకుంటే నీళ్ళెక్కువైనట్టు, గోనెపట్టా మీద కాసేపు ఆరనివ్వండి. అట్టకు అడుగు అంచున రంగు గీత వెయ్యకపోతే దాన్ని తలకిందులుగా పెట్టుకుని పని చేస్తారు.

ఇసుక పళ్ళెంలో ఇసుక ఎక్కువైతేనే పని చెడుతుంది. సెంటీమీటరు మందం చాలు, అడుగున ముదురు రంగు కాగితం ఉండాలి. గీసిన చోట ఆ రంగు బయటపడితేనే అక్షరం కనబడుతుంది. నాగావళి ఇసుకైనా వంశధార ఇసుకైనా జల్లెడ పట్టి, కడిగి, ఎండబెట్టి వాడండి, గాజుముక్కలు ఉంటాయి. సముద్రపు ఇసుకలోని ఉప్పు చేతి గాయాలను మండిస్తుంది.

చింతపిక్కలు అంటించే పని అందరికీ ఇష్టం, గోడకు తగిలిస్తే అందం కూడా. కానీ అక్షరమంతా ఒకేసారి జిగురు రాసి ఇస్తే పిల్లలు పిక్కల్ని ఎక్కడ పడితే అక్కడ పెడతారు. జిగురు పని వస్తుంది, ‘గ’ రాదు. పెద్దవాళ్ళు బయలుదేరే చోటి నుంచి రెండంగుళాలకు జిగురు రాసి, అది నిండాకే తరువాతి రెండంగుళాలు రాయాలి. జానెడు అక్షరానికి నలభై పిక్కలు పడతాయి. ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇవ్వండి, తీసుకునేటప్పుడు లెక్కపెట్టి తీసుకోండి, ఒక్కటి తగ్గినా ముక్కులు, చెవులు, నోళ్ళు చూడాల్సిందే. మూడేళ్ళ లోపు పిల్లలకు పిక్కలు, గవ్వలు, విడి గజ్జెలు అసలు వద్దు. గురివింద గింజలు, ఆముదం గింజలు నమిలితే ప్రాణానికే ముప్పు. పలాస వైపు పెంకుతో ఉన్న జీడిపిక్కలు సులువుగా దొరుకుతాయి, కానీ ఆ పెంకులోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. ‘గ’తో మొదలవుతుంది కదా అని గన్నేరు కొమ్మ తేకండి, ఆకు నుంచి గింజ దాకా అంతా విషం.

ఏ పనైనా నలుగురైదుగురు పిల్లలతో, పది పదిహేను నిమిషాలే. వారానికి ఒక్క అక్షరం కూడా తొందరే అనిపిస్తే రెండు వారాలు తీసుకోండి. రాత చివర వస్తుంది, అప్పుడూ పెన్సిల్‌తో కాదు. భుజం ఎత్తున గోడ పలక, అంగుళం సుద్దముక్క ఇవ్వండి. ముక్క చిన్నదైతే పిడికిలితో పట్టుకోలేరు, మూడు వేళ్ళే వాడతారు. మీరు సుద్దతో రాసిన ‘గ’ను తడి కుంచెతో వెంబడిస్తూ చెరిపించడం ఇంకా తేలిక.

తల్లిదండ్రులు పేజీలు లెక్కపెట్టే బదులు ఇంట్లో మూడు సంగతులు చూడండి. ‘గ’తో మొదలయ్యే మాట వింటే గుర్తుపడుతోందా? నాలుగు అక్షరాల మధ్య ‘గ’ను చూపిస్తోందా? ఇసుకలో ‘గ’ ఎడమ కాలి అడుగు నుంచి తనంతట తానే మొదలుపెడుతోందా? మీ పత్రిక పెద్ద శీర్షికలే మంచి పరీక్ష, ‘గ’ల చుట్టూ సున్న చుట్టమనండి. ‘గు’కు చుట్టినా మెచ్చుకోండి. ‘గి’ని వదిలేస్తే ఏమీ అనకండి, అక్కడ తలకట్టు ఉండదు కదా.

చివరగా మీకో విన్నపం. పిల్లల పేజీలో వారానికి ఒక అక్షరం పది సెంటీమీటర్ల ఎత్తున, చుక్కలతో కాకుండా నిండు గీతతో, బయలుదేరే చోట ఎర్ర బొట్టుతో, తలకట్టు వేరే రంగులో అచ్చు వెయ్యండి. పక్కన మొదటి అక్షరానికి గుణింతం లేని మాటలు ఆరు చాలు, అవి మన జిల్లాలో ఇళ్ళలో పలికేవి అయి ఉండాలి. అట్టకు అంటిస్తే ఏ అంగన్‌వాడీకైనా ఖర్చు లేకుండా పనిముట్టు తయారవుతుంది.

ఇట్లు,
కొందరు విశ్రాంత ప్రాథమిక ఉపాధ్యాయులు,
శ్రీకాకుళం.