మూత్రంలో రక్తాన్ని పాత జబ్బు ఖాతాలో రాయకండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక ఆరోగ్య పేజీలో వేసవి చిట్కాల కింద, మూత్రం ఎర్రగా మంటగా వస్తే ఒంట్లో వేడి పెరిగినట్టేనని, రెండు పూటలా బార్లీ నీళ్లు, కొబ్బరినీళ్లు తాగితే సర్దుకుంటుందని రాసిన నాలుగు వాక్యాలు చదివాను. రాసినవారి ఉద్దేశాన్ని తప్పుపట్టను. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎండలో తిరిగి నీళ్లు తక్కువ తాగినప్పుడు మూత్రం చిక్కటి పసుపు రంగులో రావడం, మంట పుట్టడం మామూలే. అయితే ఇలాంటి చిట్కాలను మా ప్రాంతంలో కత్తిరించి దాచుకునేవి షుగరు, బీపీ, కిడ్నీ జబ్బులతో ఏళ్ల తరబడి మందుల మీద బతుకుతున్న పెద్దవాళ్లున్న ఇళ్లే. ఆ ఇళ్లలో ఎర్రగా వచ్చిన మూత్రానికి అర్థం వేరు, పట్టించిన కొబ్బరినీళ్ల ఫలితమూ వేరు. ఆ తేడా తెలియక ఎనిమిది నెలలు పోగొట్టుకున్న కుటుంబం మాది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. పద్దెనిమిదేళ్లుగా షుగరు ఉంది, నాలుగేళ్ల కిందట చిన్నపాటి పక్షవాతం వచ్చినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్ర వాడుతోంది, కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ రెండుకు పైనే, అంటే ఎక్కువగా, ఉంటోంది. నిరుడు మే నెలలో మా ఇంటావిడ బట్టలు ఉతుకుతూ అమ్మ తెల్ల లంగా మీద లేత గులాబీ రంగు మరక చూసి నాకు చెప్పింది. అడిగితే అమ్మ, "ఏటీ నేదురా నాయనా, ఎండలకి వేడి సేసింది" అంది. అప్పటికి వారం రోజులుగా మాంసం కడిగిన నీళ్లలా పోతోందని, నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదని ఆ తర్వాత తెలిసింది. పెరట్లోని మరుగుదొడ్డిలో జీరో బల్బు. అక్కడ ఏ రంగు పోయినా అమ్మకు తప్ప ఇంకొకరికి తెలిసే వీలు లేదు. కొబ్బరితోటల మధ్య బతికేవాళ్లం, బొండాలకు కొదవేముంది? రోజుకు రెండు చొప్పున తాగించాం. మూడో రోజుకు మూత్రం తేటపడింది. బొండాలు పని చేశాయని అందరం సంతోషించాం.

బొండాల వల్ల ఆగిన రక్తం కాదది. మూత్రాశయంలో పెరిగిన గడ్డ (కణితి) నుంచి కారే రక్తం రెండు రోజులు కనిపించి, నెలల తరబడి మాయమై, మళ్లీ కనిపించడం దాని స్వభావం. ఆ మధ్యలో ఎవరు ఏ మందు ఇచ్చినా ఘనత ఆ మందుకే దక్కుతుంది. మా విషయంలో మొదట కొబ్బరినీళ్లకు దక్కింది, సెప్టెంబరులో మళ్లీ వచ్చినప్పుడు దగ్గరలోని వైద్యుడు రాసిన యాంటీబయోటిక్‌కు దక్కింది. అప్పుడు మూత్రం కల్చర్ పరీక్షలో ఏ సూక్ష్మజీవీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. సూక్ష్మజీవి లేనప్పుడు రక్తం ఎక్కడిదని అడగాల్సింది మేమే, అడగలేదు. "మీ ఉద్దానం కిడ్నీలు ఎలాగూ ఇంతే కదా" అన్న మాటతో ఇంటికి వచ్చేశాం. పైగా అప్పటికీ తాగిస్తూ వచ్చిన ఆ కొబ్బరినీళ్ల పుణ్యాన రక్తంలో పొటాషియం ఉండాల్సినదాన్ని మించి 5.9కి చేరిందని అప్పటి రక్తపరీక్షలో బయటపడింది. కిడ్నీలు బాగున్నవాడికి కొబ్బరినీళ్లలోని పొటాషియం అమృతమే. దాన్ని బయటకు పంపలేని కిడ్నీలున్న మనిషికి గుండె లయ తప్పించేటంత ప్రమాదం.

ఉద్దానం కిడ్నీలు ఎలాగూ ఇంతే అన్న ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. కారణం తేలకపోయినా జబ్బు తీరు మాత్రం వైద్యులకు తెలుసు. అది కిడ్నీలోని వడపోత గుత్తుల కన్నా నాళికల్నీ వాటి చుట్టూ ఉండే కణజాలాన్నీ మెల్లగా ఎండగట్టే జబ్బు. అందులో మూత్రంలో ప్రొటీన్ కొద్దిగానే పోతుంది, రక్తం దాదాపుగా కనిపించదు. అంటే ఉద్దానం రోగికి మూత్రంలో కంటికి కనిపించేలా రక్తం వచ్చిందంటే, దానికి వేరే కారణం వెతకాలని ఆ పాత జబ్బే చెబుతోందన్నమాట. మేము సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకున్నాం.

దీర్ఘకాలిక రోగుల ఇళ్లలో జరిగే పొరపాటంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. జబ్బు పేరు ఒకసారి ఖాయమయ్యాక కొత్తగా వచ్చే ప్రతి లక్షణాన్నీ ఆ పాత ఖాతాలోనే జమ వేసేస్తాం. షుగరు సంగతే చూడండి. షుగరు వల్ల కిడ్నీ చెడితే ముఖ్యంగా పోయేది ప్రొటీన్. మూత్రం నురగ కడుతుంది, కాళ్లు వాస్తాయి. కంటికి కనిపించే ఎరుపు సాధారణంగా షుగరు పని కాదు. షుగరు ఉన్నవాళ్లు మోకాళ్ల నొప్పులకని ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగితే కిడ్నీ లోపలి కొసలు కుళ్లి ఊడి, నడుము పక్కన తీవ్రమైన నొప్పితో పాటు రక్తం పడే అవకాశం ఉంది. అదీ వెతికి తేల్చుకోవలసిన సంగతే. మూత్రంలో మాటిమాటికీ ఇన్ఫెక్షన్ రావడం షుగరు రోగుల్లో ఎక్కువ, అందులోనూ రక్తం పడుతుంది. కానీ అప్పుడు మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, చలిజ్వరం వంటివి సాధారణంగా తోడుంటాయి. మందు వాడాక మళ్లీ పరీక్ష చేస్తే రక్తకణాలు లేవని తేలాలి. ఆ రెండో పరీక్ష ఎంతమంది చేయించుకుంటున్నారు? మేమైతే చేయించలేదు.

రక్తం పలచబడే మందుల సంగతి మరీ మోసకారి. గుండెలో స్టెంటు వేసినవాళ్లు, కవాటం మార్చినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు ఇవాళ ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్లకు మూత్రంలో రక్తం పడితే ఇంటిల్లిపాదీ అనే మాట "ఆ మాత్ర వల్లే" అని. మోతాదు మించితే, ముఖ్యంగా రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్షతో మోతాదు సరిచూసుకోవలసిన మందుల్లో, అలా జరగవచ్చు. అయితే చాలాసార్లు ఆ మాత్ర అప్పటికే ఉన్న పుండునో గడ్డనో త్వరగా బయటపెడుతుంది, అంతే. అందుకే ఈ మందులు వాడేవారికి రక్తం పడినా, వాడనివారికి చేసే పరీక్షలన్నీ చేయాల్సిందేనని వైద్యులు అనుసరించే నియమం. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. రక్తం చూసి బెదిరి డాక్టరును అడగకుండా ఆ మాత్ర ఆపేస్తే స్టెంటులోనో కవాటం మీదనో రక్తం గడ్డ కట్టి ప్రాణం మీదికి వస్తుంది.

డయాలసిస్ చేయించుకుంటున్నవారికి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి చిన్న గాయమైనా ఎక్కువ కారుతుంది. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉంటే ఎండిన కిడ్నీల్లో నీటితిత్తులు ఏర్పడి, వాటిలో రక్తస్రావం కావడం, అరుదుగా క్యాన్సర్ పుట్టడం కూడా ఉంది. క్యాన్సర్‌కు గర్భాశయ ప్రాంతంలో రేడియేషన్ తీసుకున్నవారికి ఏళ్ల తర్వాత మూత్రాశయపు పొర చిట్లి రక్తం పడవచ్చు. మగవాళ్లలో పెరిగిన ప్రోస్టేట్ గ్రంథి, ఎవరిలోనైనా రాళ్లు, కిడ్నీ క్షయ కారణాలు కావచ్చు. ఈ క్షయలో మూత్రంలో చీము కణాలు కనిపిస్తాయి గానీ మామూలు కల్చర్‌లో ఏమీ పెరగదు. మంచాన ఉండి పైపు వేయించుకున్నవారి విషయం వేరు. మనిషిని పక్కకు తిప్పేటప్పుడు మూత్రం సంచి బరువుకు పైపు లాగినా లోపల గీరుకుని రక్తం వస్తుంది. మా మామగారికి అలాగే జరిగింది. పైపును తొడకు ప్లాస్టరుతో అతికించి, సంచిని మంచం కోడుకు కాకుండా పట్టెకు వేలాడదీశాక తగ్గింది. కారణాలు ఇన్ని ఉన్నాయి కనుకనే ఇంట్లో కూర్చుని ఫలానాదని తేల్చేయకూడదంటున్నాను.

ఎర్రగా వచ్చిందల్లా రక్తం కాదనీ చెప్పాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ రంగుకు, ఒక్కోసారి ఎరుపుకు మారుస్తుంది. మా పక్కవీధిలో ఒకాయన అది రక్తమనుకుని కోర్సు మధ్యలో మందులు మానేశాడు, జబ్బు ముదిరిపోయింది. మందులిచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ కుటుంబానికి ఆ దుర్గతి పట్టేది కాదు. బీట్‌రూట్ తిన్నా కొందరికి అలా వస్తుంది. సందేహం తీర్చడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మామూలు మూత్రపరీక్షలో ముంచి చూసే రసాయన పట్టీ (స్ట్రిప్) రంగు మారినా, సూక్ష్మదర్శిని కింద ఎర్రరక్తకణాలు ఉన్నాయో లేదో చూస్తే నిజం తేలుతుంది.

ఇక జనవరిలో మూడోసారి అమ్మకు రక్తం గడ్డలు గడ్డలుగా పడింది, ఆపైన మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొత్తికడుపు ఉబ్బి, రాత్రంతా మూలుగుతుంటే విశాఖపట్నం తీసుకెళ్లాం. రక్తపు గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగడం తెల్లవారేదాకా ఆగదగిన విషయం కాదని అప్పుడు తెలిసింది. అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "చుట్ట కాలుస్తారా?" మా అమ్మ తరం ఆడవాళ్లలో చాలామందిలాగే ఆమె కూడా నలభై ఏళ్లుగా అడ్డపొగ తాగుతుంది, అంటే నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని విన్నాం గానీ, పొగలోని విషం రక్తంలో కలిసి, కిడ్నీల ద్వారా మూత్రంలోకి దిగి, గంటల తరబడి మూత్రాశయంలో నిలవ ఉంటుందని, మూత్రాశయ క్యాన్సర్‌కు పొగే అతి పెద్ద కారణమని మాకెవరూ చెప్పలేదు. వయసు మళ్లినవారికి నొప్పి లేకుండా రక్తం పడితే ముందుగా దాన్నే అనుమానించి, కాదని తేల్చుకోవాలట. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాం మేము; నొప్పి లేకపోవడమే భయపడవలసిన గుర్తు.

ఆడవాళ్ల విషయంలో ఆలస్యానికి మరో కారణమూ ఉంది. రక్తమంటే గర్భసంచి సమస్యేమోనని మొదట అటు తిప్పుతారు, లేదా ప్రతిసారీ ఇన్ఫెక్షన్ అని యాంటీబయోటిక్ రాస్తారు. మా ఊళ్లో తీయించిన స్కానింగ్‌లో ఏమీ లేదని వచ్చింది. మూత్రాశయం సరిగ్గా నిండకుండా తీసిన స్కానింగ్‌లో చిన్న గడ్డ దొరకకపోవచ్చని, సన్నని గొట్టంతో లోపలికి చూసే సిస్టోస్కోపీ చేస్తేనే ఖాయంగా తెలుస్తుందని విశాఖలో చెప్పారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి రంగుమందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ ముందు క్రియాటినిన్ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. అలా చూసి, అమ్మ మూత్రాశయంలో దొరికిన కణితిని లోపలి నుంచే చెక్కి తీశారు. కండరంలోకి దిగలేదన్నారు. మూడు నెలలకు మళ్లీ లోపల చూడాలి, ఆ తర్వాతా ఏళ్ల తరబడి చూస్తూనే ఉండాలి.

వైద్యాధికారులకు నా విన్నపం చిన్నది. గ్రామాల్లో బీపీ, షుగరు చూడటానికి వచ్చే సిబ్బంది మూత్రం రంగు మారిందా అన్న ఒక్క ప్రశ్న కూడా అడిగి, అవునంటే అక్కడికక్కడ స్ట్రిప్‌తో పరీక్షించి రాసుకోవాలి. ఆడవాళ్లను ఆ ప్రశ్న ఆశా కార్యకర్త విడిగా అడగాలి. కొడుకు ముందు మా అమ్మ ఎప్పటికీ చెప్పేది కాదు. డయాలసిస్ కేంద్రాల్లోనూ ఇంకా మూత్రం పోసే రోగుల్ని ఇదే అడగాలి.

మీకు నా విన్నపం ఇంకా చిన్నది. ఆ చిట్కా అచ్చువేసిన చోటనే, అంతే పెద్ద అక్షరాలతో, కిడ్నీ, గుండె జబ్బులున్నవారు డాక్టరును అడగకుండా కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు ఎక్కువగా తాగకూడదని, మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించి ఆగిపోయినా పరీక్ష చేయించుకోవాలని ఈ వేసవి అయ్యేలోగా ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.