శనివారం ఎవరిది?

కొలంబస్, ఒహాయో

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు తోచక "రాస్తాలేరా" అన్నాను. ఇదిగో, రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే అవుతుంది. భోజనం చేసి తీరిగ్గా కూర్చో.

"కాలేజీ కుర్రాళ్లు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ చూడ్డానికి లక్షమంది ఏంట్రా, అసలు ప్రొఫెషనల్ ఆట ఉండగా?" అన్నావు. మనం యూనివర్సిటీకి వాలీబాల్ ఆడినప్పుడు గీత చుట్టూ నిలబడింది నలభై మంది. అందులో సగం మన హాస్టల్ వాళ్లే. నీకు వింతగా ఉండక ఏం చేస్తుంది? 2009లో ఎమ్మెస్‌కి ఇక్కడికొచ్చినప్పుడు నాకూ అలాగే ఉండేది. శనివారం పొద్దున్న ఏడింటికే రోడ్లన్నీ ఎర్రచొక్కాలు. పార్కింగ్ స్థలాల్లో కార్ల వెనక పొయ్యిలు, పొగలు, ముసలాళ్లు, చంటిపిల్లలు. అది ఆటలా లేదురా, మన ఊరి తిరునాళ్లలా ఉంది. గుర్రపు లాడం ఆకారంలో 1922లో కట్టిన ఒహాయో స్టేట్ యూనివర్సిటీ స్టేడియం, లోపల లక్షకు పైగా మనుషులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే నువ్వన్న ప్రొఫెషనల్ లీగులో, అన్నిటికన్నా పెద్ద స్టేడియం న్యూజెర్సీలో ఉంది, దానిలో పట్టేది ఎనభై రెండు వేల చిల్లర. పైగా మా ఊరికి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టే లేదు. క్లీవ్‌లాండ్‌కో సిన్సినాటికో పోవాలి. అంచేత ఈ ఊరికి కాలేజీ జట్టే ఇంటి జట్టు.

కానీ బావా, నువ్వడిగిన ప్రశ్నకి అసలు జవాబు కిందటి ఎండాకాలం మావాణ్ణి కాంటన్ తీసుకెళ్లినప్పుడు దొరికింది నాకు. ఇక్కడికి రెండు గంటల దారి. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం అక్కడే ఉంది. అందులో ఒక జమాఖర్చుల కాగితం ఉందిరా. 1892 నవంబర్‌లో పిట్స్‌బర్గ్ దగ్గర ఒక క్లబ్బు ఒక్క ఆటకి 500 డాలర్లు ఇచ్చినట్టు రాసుకున్న పద్దు. తీసుకున్నది పడ్జ్ హెఫెల్‌ఫింగర్, యేల్ కాలేజీలో పేరు మోసిన ఆటగాడు. డబ్బు తీసుకుని ఫుట్‌బాల్ ఆడినట్టు రుజువున్న మొదటి మనిషి ఆయనే. అప్పట్లో బయటికి చెప్పుకోని సంగతి అది. ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడిపోయాను. ప్రొఫెషనల్ ఆట పుట్టడమే కాలేజీ కుర్రాడి జేబులోంచి పుట్టిందన్నమాట.

ఇప్పటివాళ్లకి నమ్మబుద్ధి కాదు గానీ, ఆ కాలంలో పరువంతా కాలేజీ ఆటదే. డబ్బుకి ఆడటమంటే చిన్నచూపు. 1920లో కాంటన్‌లోనే ఒక కార్ల షోరూమ్‌లో కూర్చుని ఇప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి మూలమైన లీగు పెట్టుకున్నప్పుడు, జనం నమ్మాలని కార్లైల్ స్కూల్ రోజుల నుంచీ దేశమంతా ఎరిగిన ఆటగాడు జిమ్ థార్ప్‌ని అధ్యక్షుణ్ణి చేశారు. ఆ మరుసటేడు ఆ పదవికి వచ్చిన జో కార్‌ది ఏ ఊరో తెలుసా? మా కొలంబస్. లీగు ఆఫీసు ఏళ్ల తరబడి ఇక్కణ్ణించే నడిచింది. అప్పట్లో కాలేజీ కుర్రాళ్లు దొంగపేర్లతో ఆదివారాలు డబ్బుకి ఆడేవాళ్లు. అలా ఆడించినందుకు గ్రీన్ బే జట్టు కొన్నాళ్లు లీగులో చోటే పోగొట్టుకుంది.

ఆ తర్వాత రెడ్ గ్రాంజ్. ఇల్లినాయ్ యూనివర్సిటీ కుర్రాడు, పరుగెత్తితే పట్టుకునేవాడు లేడు. అతని ఆఖరి కాలేజీ ఆట 1925 నవంబర్‌లో మా స్టేడియంలోనే జరిగింది. ఆట అయిన వెంటనే షికాగో బేర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుతో చేరి, అయిదో రోజుకల్లా వాళ్ల చొక్కా వేసుకుని మైదానంలో దిగాడు. న్యూయార్క్‌లో అతన్ని చూడ్డానికి డెబ్బై వేలమంది వచ్చారు. అంతకుముందు కొన్ని వేలమంది వస్తే గొప్ప అనుకునే లీగు అది. కాలేజీలు మండిపడ్డాయి, చదువు పూర్తికాని పిల్లాణ్ణి ఎత్తుకుపోయారని. దాంతో జో కార్ ఒక నియమం పెట్టాడు: కుర్రాడితో చేరినవాళ్ల చదువు అయిపోయేదాకా అతని జోలికి మేం రాం.

ఆ ఒక్క నియమం మీదే దాదాపు నూరేళ్లు నడిచింది ఈ సంసారం. బేస్‌బాల్ వాళ్లు కుర్రాళ్లకి తర్ఫీదివ్వడానికి సొంత చిన్న లీగులు పెట్టుకుని డబ్బు ఖర్చు పెడతారు. ఫుట్‌బాల్ వాళ్లకి ఆ పని కాలేజీలు చేసిపెట్టాయి. 1936లో డ్రాఫ్ట్ మొదలైంది, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకోవడం. కిందటేడు ఆఖరున నిలిచిన జట్టుకి మొదట ఎంచుకునే హక్కు. మొట్టమొదట ఎంచుకున్న కుర్రాడు షికాగో విశ్వవిద్యాలయపు జే బెర్వాంగర్. అతను నాకొద్దన్నాడు, ఒక్క ఆట కూడా ఆడలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ పిలుపుని కాదని ఇంకో బతుకుతెరువు చూసుకున్నాడంటే ఆ పిలుపుకి అప్పట్లో ఉన్న విలువ చూడు.

టీవీ వచ్చాక తక్కెడ ప్రొఫెషనల్ ఆట వైపు ఒరిగింది. అయినా 1961లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం కాలేజీ సీజన్ జరిగే నెలల్లో శనివారాలు ఎన్‌ఎఫ్‌ఎల్ తన ఆటలు టీవీలో వేసుకుంటే జట్లన్నీ కలిసి ప్రసార హక్కులు అమ్ముకోవడానికి చట్టమిచ్చిన రక్షణ పోతుంది. అందుకే శనివారం కాలేజీలది, ఆదివారం వాళ్లది. ఇక్కడి ఇళ్లలో వారాల లెక్క ఇప్పటికీ ఇదే.

ఇక నన్ను కదిలించే సంగతికి వస్తాను. నేనొచ్చిన రెండో ఏడు, 2010 చివర, ఇక్కడి జట్టులో అయిదుగురు దొరికిపోయారు. బద్ధ ప్రత్యర్థి మిషిగన్ యూనివర్సిటీని ఓడించినందుకు ఇచ్చే చిన్న బంగారు బిళ్లలూ ఉంగరాలూ ఇచ్చేసి, డబ్బులూ పచ్చబొట్లూ తీసుకున్నారు. ఆటవల్ల డబ్బు తీసుకోకూడదన్న కాలేజీ నియమం ప్రకారం అదీ నేరం. వాళ్లు గెలుచుకున్న సొంత వస్తువులురా అవి! వచ్చే సీజన్లో అయిదేసి ఆటలు ఆడకూడదన్నారు. తెలిసీ పైకి చెప్పనందుకు కోచ్ జిమ్ ట్రెసెల్ ఉద్యోగం వదులుకున్నాడు. ఆ ఏటి విజయాలు రికార్డుల్లోంచి కొట్టేశారు. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, టెరెల్ ప్రయర్ ఇక్కడ ఉండలేక ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోతే, వాళ్లేం చేశారో తెలుసా? కాలేజీ వేసిన శిక్షని తామే అమలు చేశారు. అయిదు ఆటలు అక్కడా ఆపారు. కాలేజీ నియమానికీ వాళ్లకీ ఏం సంబంధం? కానీ ఆ శిక్ష చూశాక అర్థమైంది, ఇద్దరూ ఒకే గోడకి రెండువైపులా కాపలా కాస్తున్నారని. కుర్రాడు అటు దూకకుండా వీళ్లు, దూకినా శిక్ష తప్పకుండా వాళ్లు.

అప్పుడు నేను ఆ కుర్రాళ్ల మీద కోప్పడ్డాను బావా. జట్టు పరువు తీశారని మా గదిలో గంటలకొద్దీ వాదించాను. నాది తప్పు. లక్షమంది టికెట్లు కొని కూర్చునే చోట, కోచ్‌కి లక్షల డాలర్ల జీతమిచ్చే చోట, ఆడే కుర్రాడు తన ఉంగరం అమ్ముకుంటే నేరమనడం అన్యాయం. ఆ ట్రెసెల్ 2025లో ఒహాయో లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యాడు. కాలం ఎంత మారిందో చూడు.

ఇంకో కుర్రాడి కథ కూడా ఇక్కడిదే. మారిస్ క్లారెట్. 2002లో కాలేజీలో మొదటి ఏడే జట్టుని దేశవిజేతని చేశాడు. ఇక ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోతానన్నాడు. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు నిండాలన్నారు వాళ్లు. కోర్టుకెళ్లాడు. కింది కోర్టులో గెలిచాడు, పై కోర్టులో 2004లో ఓడాడు. ఆ తీర్పు రాసింది ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్న సొటొమాయర్. లీగూ ఆటగాళ్ల సంఘమూ కలిసి బేరమాడుకునే షరతుల్లో ఇదీ ఒకటన్నారు. పద్దెనిమిదేళ్ల ఎముకలు ఆ దెబ్బలకి ఆగవన్న మాటలో నిజముంది, కాదనను. కానీ ఆ సంఘంలో ఆ కుర్రాడు సభ్యుడు కాడు. తను లేని గదిలో తన మూడేళ్లు నిర్ణయమైపోయాయి.

తర్వాత గోడ కూలింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒక్కమాటగా ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. అది కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ. చదువుకి సంబంధించిన ప్రయోజనాలకి హద్దులు పెట్టకూడదన్నదే ఆ తీర్పు. కానీ దాని అదురు అంతటా పాకింది. జులై 1 నుంచి కుర్రాళ్లు తమ పేరూ బొమ్మా వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చన్నారు. ఆ ఏడే, ఒకసారికి, ఇంకో కాలేజీకి మారినా ఏడాది ఆడకుండా కూర్చోనక్కర్లేదన్నారు. 2025 జూన్‌లో ఇంకో కేసు రాజీ అయింది: కాలేజీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బివ్వచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీ 20.5 మిలియన్ డాలర్ల దాకా. పాతవాళ్లకి బకాయిగా దాదాపు 2.8 బిలియన్లు.

దీంతో జరిగింది చూడు. 2024లో మా జట్టులో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోదగ్గవాళ్లు చాలామంది పోకుండా ఇంకో ఏడు ఆగారు. క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి వచ్చాడు, కేలబ్ డౌన్స్ అలబామా నుంచి వచ్చాడు. జట్టు ఖర్చు ఇరవై మిలియన్ల దాకా అయిందని కాలేజీ క్రీడల పెద్దే చెప్పాడు. మిషిగన్ చేతిలో సొంత మైదానంలో 13-10తో ఓడి ఊరంతా ఏడ్చాక, జనవరిలో అట్లాంటాలో నోటర్ డామ్‌ని 34-23తో ఓడించి కప్పు తెచ్చారు. ఆ జట్టులోంచి 2025 డ్రాఫ్ట్‌లో 14 మంది వెళ్లారు. అదివరకు చదువు మధ్యలో ఆపి ఎగబడే కుర్రాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. డ్రాఫ్ట్‌లో అడుగున దొరికినవాడికి ఆ ఏడు కనీస జీతం 8,40,000 డాలర్లు. మంచి క్వార్టర్‌బ్యాక్‌కి కాలేజీలోనే అంతకన్నా ఎక్కువ వస్తుంటే ఎందుకు పోతాడు?

కాలేజీలు కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ అచ్చులోకి దిగిపోయాయి. స్టాన్‌ఫర్డ్ తన పాత ఆటగాడు ఆండ్రూ లక్‌ని జనరల్ మేనేజర్‌గా పెట్టుకుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆరు కప్పులు గెలిపించిన బెలిచిక్ నార్త్ కరొలైనా కోచ్‌గా వెళ్లాడు, మొదటి ఏడు నాలుగు గెలిచి ఎనిమిది ఓడాడు. ఆ ఫలితం చూసి నాకు ఒకందుకు ఊరట కలిగింది. కాలేజీ కుర్రాళ్లని ఆడించడం వేరే విద్య అని తేలింది కదా.

హెల్మెట్‌లో రేడియో సంగతి కూడా చెప్పాలి. 1942లో ఈ కాలేజీకి కప్పు తెచ్చిన కోచ్ పాల్ బ్రౌన్, తర్వాత క్లీవ్‌లాండ్‌లో ప్రొఫెషనల్ జట్టు నడుపుతూ 1956లో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో తన మాట వినిపించే రేడియో పెట్టి చూశాడు. వెంటనే ఆపించారు. ఎన్‌ఎఫ్‌ఎల్ 1994లో ఒప్పుకుంది, కాలేజీ 2024లో. కాలేజీ నుంచి వెళ్లిన మనిషి ఆలోచన ఇంటికి తిరిగొచ్చేసరికి అరవై ఎనిమిదేళ్లు పట్టింది.

మరి నాకు బాధెక్కడంటే, కుర్రాళ్లకి డబ్బొచ్చినందుకు కాదు. అది వాళ్లది, ఎప్పుడో రావలసింది. మావాడు ఒక ఆటగాడి చొక్కా కొనిపించుకున్నాడు, నిద్రలో కూడా విప్పడు. సీజన్ అవగానే ఆ కుర్రాడు వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. "నాన్నా, మనమంటే కోపమా?" అని అడిగాడురా. చిన్న కాలేజీల సంగతి ఇంకా ఘోరం. దొరక్క దొరక్క ఒక మంచి కుర్రాణ్ణి పట్టి, రెండేళ్లు తీర్చిదిద్దితే, పెద్ద కాలేజీ వచ్చి తన్నుకుపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పెద్ద కాలేజీలు నారుమడి, పెద్ద కాలేజీలకి చిన్నవి నారుమడి.

దీనికి మందు పాత రోజుల్లో లేదు బావా, ముందుకే ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి కాలేజీలు జీతాలు తెచ్చుకున్నాయి, మేనేజర్లని తెచ్చుకున్నాయి, రేడియో తెచ్చుకున్నాయి. తెచ్చుకోనిది ఒక్కటే: ఆటగాళ్ల సంఘం. ఉద్యోగి అని ఒప్పుకోరు, కూర్చుని బేరమాడరు. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే కాలేజీ ఆటగాడు ఆటలో తలకి దెబ్బ తగిలి చనిపోతే, అతను ఉద్యోగి కాదు గనక భార్యకి పరిహారం లేదని కోర్టు చెప్పింది. ఆ మెలిక ఇంకా విప్పలేదు. సంఘం ఉండి, రెండేళ్లో మూడేళ్లో ఒప్పందం రాసుకుని, దెబ్బ తగిలితే వైద్యం కాలేజీదేనని ఒప్పుకుంటే, అప్పుడు కుర్రాణ్ణి "ఉండు నాయనా" అనే హక్కు మనకుంటుంది. ఏమీ ఇవ్వకుండా ఉండమనడం నూరేళ్లు చేసిందే.

సరే, మీ మేనల్లుడు ఆగస్టులో వస్తున్నాడన్నావుగా. విమానాశ్రయానికి నేనే వెళ్తాను, మీ అక్కయ్యని దిగులు పడొద్దని చెప్పు. మొదటి శనివారం ఆటకి నాతో వస్తాడు. ఎర్రచొక్కా ఇక్కడ నేను కొంటాను, నువ్వు గోంగూర పచ్చడి సీసా మాత్రం గట్టిగా మూత బిగించి పంపు. ఆట మొదలయ్యే ముందే సీట్లో కూర్చోవాలని వాడికిప్పుడే చెప్పి ఉంచు. బ్యాండువాళ్లు మైదానంలో నడుస్తూ తమ వరసతోనే 'ఒహాయో' అని ఇంగ్లీషులో రాస్తారు. చివర పెద్ద బూర వాయించే విద్యార్థి ఒకడు నాట్యం చేస్తూ వచ్చి, 'ఐ' మీద చుక్కగా నిలబడి, టోపీ తీసి స్టేడియం రెండువైపులా వంగి దండం పెడతాడు. బ్యాండులో ఏళ్ల తరబడి ఉన్నవాడికే ఆ చోటు దక్కుతుంది. లక్షమందీ లేచి నిలబడతారు.

నీ
శీను